కుళాయి 15 నిమిషాలు పారుతుందా?

సంపాదకుడికి నమస్కారం.

చౌటుప్పల్, జడ్చర్ల పరిసరాల్లోని మందుల ఫ్యాక్టరీల్లో ఇరవై ఏళ్లకు పైగా కెమిస్టుగా పనిచేసి, ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసిన పిల్లలు ఇంటర్వ్యూకు ముందు సందేహాలతో మా ఇంటికి వస్తుంటారు. హెచ్‌పీఎల్‌సీ అనే మందుల పరీక్ష యంత్రం గురించి అడుగుతారు, జీతం ఎంత అడగవచ్చో అడుగుతారు. తెలిసింది చెప్పి, చివర్లో నేనూ ఒకటి అడుగుతాను: కంట్లో ఆమ్లం పడితే ఏం చేస్తావు? ‘సోడియం బైకార్బొనేట్‌తో కడుగుతాను సార్’ అనేవాళ్లే ఎక్కువ. ఆమ్లానికి క్షారం విరుగుడు, నిజమే. కానీ కన్ను బీకరు కాదు. వెంటనే రెప్పలు విప్పి పట్టుకుని కనీసం 15 నిమిషాలు ఆపకుండా శుభ్రమైన నీళ్లతో కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. బైకార్బొనేట్ సీసా వెతికేలోపే కంటికి జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

తప్పు పిల్లలది కాదు. అయిదేళ్లు వాళ్లు నిలబడ్డ ల్యాబ్ ఎలా ఉందో వాళ్ల మాటల్లోనే విన్నాను. గాగుల్స్ ఎవరూ ఇవ్వలేదట. విషపు ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ ఉందట, దాని ఫ్యాను మాత్రం తిరగదట, అందులో పాత రికార్డు పుస్తకాలు పేర్చారట! అన్ని కాలేజీలూ ఇలాగే ఉన్నాయని అనను. కానీ ఇలాంటి ల్యాబ్ నుంచి వచ్చినవాడు రేపు పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్‌లోనో ట్రైనీగా చేరి, రాత్రి షిఫ్టులో వేల లీటర్ల రియాక్టర్ పక్కన నిలబడతాడు.

నేనూ అలాగే నిలబడ్డాను. చేరిన రెండో నెలలో మా ఫ్యాక్టరీలో తోటి ట్రైనీ ఒకతను డ్రమ్ము నుంచి ప్లాస్టిక్ బకెట్‌లోకి టోలీన్ అనే ద్రావకం వంపుతుండగా భగ్గున మంట లేచింది. దగ్గర్లో నిప్పు లేదు, స్విచ్చు లేదు. వంపేటప్పుడు పుట్టిన స్థిర విద్యుత్తు నేలలోకి పోయే దారిలేక రవ్వయి దూకింది. టోలీన్ 4 డిగ్రీల దగ్గరే అంటుకోగలంత ఆవిరినిస్తుంది. మన జిల్లాలో పుష్యమాసం తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కలను లాగడం మేమిద్దరం బడిలోనే నేర్చుకున్నాం. డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు ఎందుకో మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఫ్యాక్టరీలోనూ చెప్పలేదు. అతని చేతులు మోచేతుల దాకా కాలాయి. తర్వాత అతను ఈ రంగంలో కనిపించలేదు.

ఫ్యాక్టరీలే నేర్పుకోవాలి కదా అంటారు. నేర్పాలి. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 111ఏ సెక్షన్ చేర్చి, భద్రత సమాచారం, శిక్షణ కార్మికుడి హక్కులన్నారు. అయినా 2025 జూన్ 30న పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలుడుకు నలభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. యాజమాన్యాలను, తనిఖీ అధికారులను నిలదీయాల్సిందే. అయితే ఫలానా పని ప్రమాదమని గుర్తుపట్టి ‘ఈ వాల్వు నేను తిప్పను’ అనగలిగే చదువు కుర్రాడికి ముందే ఉండాలి కదా!

గ్లౌజులు వేసుకుంటే చాలనే భ్రమ మరొకటి. అమెరికాలో కరెన్ వెటర్‌హాన్ అనే ప్రొఫెసర్ గ్లౌజులు వేసుకునే పనిచేశారు. 1996లో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషం కొన్ని చుక్కలు ఆ లేటెక్స్ గ్లౌజు మీద పడింది, అందులోంచి చర్మంలోకి దిగింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయారు. మన ఫ్యాక్టరీల్లో నిత్యం వాడే డైక్లోరోమీథేన్ కూడా సన్నటి నైట్రైల్ గ్లౌజును కొద్ది నిమిషాల్లోనే దాటేస్తుంది. ఏ రసాయనానికి ఏ గ్లౌజు అన్నది దాని భద్రతా పత్రంలోని 8వ విభాగంలో చూడాలి. మొత్తం 16 విభాగాలుండే ఆ పత్రాన్ని ఒక్కసారైనా తిప్పి చూడకుండానే పీజీ పట్టా చేతికి వస్తోంది.

రికార్డు సంగతి కూడా చెప్పాలి. సీనియర్ రికార్డు చూసి రాయడం, జవాబు ముందే తెలుసుకుని బ్యూరెట్ రీడింగు వెనక్కి లెక్కగట్టడం మన కాలేజీల్లో తప్పే కాదు. క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో అదే పని చేస్తే ఉద్యోగం ఊడుతుంది. తయారైన మందు బయటికి వెళ్లకుండా ఆగిపోతుంది. ఆ అలవాటు మాన్పించలేక నేను పోగొట్టుకున్న మంచి కుర్రాళ్లున్నారు.

మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలను నేను కోరేది ఒక్కటే. బీఎస్సీ, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సెమిస్టర్‌లోనే భద్రతకు విడిగా ప్రాక్టికల్ పరీక్ష పెట్టండి. అందులో తప్పినవారిని మిగతా ప్రాక్టికల్స్‌కు అనుమతించకండి. రాత పరీక్ష వద్దు, దానికీ గైడు వచ్చేస్తుంది. ఒలికిన ఆమ్లాన్ని ఎత్తించండి, మంటలార్పే సిలిండర్ చేతికిచ్చి పిన్ను లాగించండి. గంట ప్రయాణ దూరంలో ఇన్ని ఫ్యాక్టరీలున్నాయి, వాటి సేఫ్టీ అధికారులను పిలవండి. నాలాంటి విశ్రాంత కెమిస్టులను పిలిచినా వస్తాం, బస్సు చార్జీ కూడా అక్కర్లేదు.

ఈలోగా మీ విలేకరులు ఒక పని చేయగలరా? ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏదైనా పది కాలేజీల కెమిస్ట్రీ ల్యాబ్‌లకు మధ్యాహ్నం వేళ వెళ్లి కుళాయి తిప్పి, గడియారం పెట్టుకుని నిలబడమనండి. 15 నిమిషాలు నీళ్లు ఆగకుండా వచ్చిన కాలేజీల పేర్లు మీ జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత కెమిస్టు,
నల్లగొండ