మట్టిని సాకు చేసుకోవద్దు

సంపాదకులకు,

యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా పూర్తిగా మన పాపమేనన్న మాట సగమే నిజం. అమెరికాలోని న్యూమెక్సికోలో, సుమారు 40 లక్షల ఏళ్లుగా బయటి ప్రపంచం సోకని లెచుగియా గుహ భాగంలోని కొన్ని బ్యాక్టీరియా 14 దాకా యాంటీబయాటిక్‌లను తట్టుకున్నాయని 2012లో పరిశోధకులు తెలిపారు. ఇందులో వింతేముంది? స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ఇచ్చింది మట్టిలోని సూక్ష్మజీవే. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన అమెరికా మందుల సంస్థ లెడర్లీలో వెలుగు చూసిన ఆరియోమైసిన్ కూడా అలాంటిదే. తోటి సూక్ష్మజీవులను చంపే ఈ విషం పుట్టే చోటే దాన్ని తట్టుకునే విరుగుడూ పుడుతుంది.

అలాగని కోళ్ల ఫారాల్లో, చేపల చెరువుల్లో మందులు గుమ్మరించవచ్చా? ఆ అవశేషాలు చేరిన నేలలో తట్టుకునే బ్యాక్టీరియాదే పైచేయి అవుతుంది. మందుల కర్మాగారాల వ్యర్థజలాలతోనూ ఇదే ముప్పు. వాటిలో ఉండే యాంటీబయాటిక్‌లకు ప్రభుత్వం కచ్చితమైన పరిమితి విధించాలి, ఆ కొలతలను ఎప్పటికప్పుడు ప్రజల ముందుంచాలి.

— ఒక పాఠకుడు, సంగారెడ్డి