అప్‌డేట్లు ఆఫీసు టైంలోనేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆఫీసుల్లో జనం లైన్లో నిలబడ్డ టైంలోనే కంప్యూటర్లు అప్‌డేట్ అవుతూ కూర్చోవడం ఇకనైనా ఆగాలి. వరంగల్‌లో ఇలాంటి సిస్టమ్‌లు చూసుకునే పనిలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఇది కంప్యూటర్ తప్పు కాదు, ఎవరూ టైం పెట్టకపోవడమే. మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి, మనకు అప్పటికి రాత్రి అవుతుంది, బుధవారం పొద్దున ఆఫీసు తెరిచి అన్నీ ఆన్ చేయగానే ఒకే నెట్ లైను మీద పడి డౌన్‌లోడ్ మొదలుపెడతాయి. హనుమకొండలో ఒక ఆఫీసులో చూశాను, ఆదాయ సర్టిఫికెట్ కోసం ములుగు నుంచి వచ్చిన పెద్దాయన 35 శాతం దగ్గర ఆగిపోయిన తెర వైపే చూస్తూ నిలబడ్డాడు, బస్సు పోతుందని ఒకటే టెన్షన్.

అట్లని అప్‌డేట్లు బంద్ పెట్టొద్దు. 2017 మేలో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వాన్నాక్రై అనే వైరస్ దాడి జరిగినప్పుడు దాన్ని అడ్డుకునే ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్, మార్చిలోనే వచ్చి ఉంది, వేసుకోనివాళ్లే మునిగారు.

ఒక సర్వర్ డౌన్‌లోడ్ చేసుకుని మిగతా వాటికి పంచేలా పెట్టుకోవచ్చు. ముందు రెండు మూడు సిస్టమ్‌లలో వేసి ప్రింటర్, వేలిముద్ర మిషన్ పనిచేస్తున్నాయా చూసుకుని, తర్వాత మిగతా అన్నిటికీ రాత్రి టైం పెట్టాలి. కానీ సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపేసి ఇంటికి పోతే ఏ షెడ్యూలూ నడవదు, కనీసం ఆ ఒక్క రాత్రి ఆన్‌లో ఉంచాలి. జిల్లా అధికారులు ఈ బాధ్యత ప్రతి ఆఫీసులో ఒకరికి పేరుపెట్టి అప్పగించాలని కోరుతున్నాను.

- ఒక కంప్యూటర్ టెక్నీషియన్, వరంగల్