పన్ను పెంచండి, లెక్క చూపండి: మేయర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మేయర్ గారికి,

శివారు కాలనీల డ్రైనేజీ సమస్య మీద ఇంతకుముందు ఇచ్చిన అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

శివారు కాలనీల్లో ఒక్కో ఇల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. కింద డ్రైనేజీ పైపు మాత్రం పాతదే. గట్టి వాన పడితే మ్యాన్‌హోల్ మూత పైకి లేచి, మురుగు గడప దాటి వంటింట్లోకి వస్తోంది. మంచం పట్టిన పెద్దవాళ్లున్న ఇళ్లలో మబ్బు కమ్మితేనే టెన్షన్.

పైపులు మార్చడానికి కార్పొరేషన్ దగ్గర నిధుల్లేవన్న మాట నిజమే కావచ్చు. ఆస్తి పన్ను విలువల్ని ఏళ్ల తరబడి సవరించకపోతే నిధులు ఎక్కడి నుంచి వస్తాయి? పైగా కొత్త భవనాల పన్ను జనం చేరాక గానీ రాదు, పైపులేమో అంతకుముందే కావాలి. ఆ ఖర్చును బిల్డర్ల నుంచి అభివృద్ధి రుసుముగా రాబట్టాలి. పన్ను పెంచమంటే చాలామందికి నచ్చదని తెలుసు. అయినా అడుగుతున్నాను. నీళ్లు చాలక ట్యాంకర్లకూ, మురుగు వల్ల జబ్బుపడి ఆస్పత్రులకూ మేం ఇప్పటికే చెల్లిస్తున్నాం.

వచ్చే బడ్జెట్‌లోనే ఆస్తుల విలువను సవరించండి. చిన్న ఇళ్లకూ, పింఛను మీద బతికేవారికీ రాయితీ ఇవ్వండి. అదనంగా వచ్చే సొమ్మును ఇంకో పద్దుకు మళ్లించకుండా నీళ్లకు, డ్రైనేజీకే విడి ఖాతాలో ఉంచి, మూడు నెలలకోసారి వార్డులవారీగా లెక్క ప్రకటించండి. దీనికి లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు