అమ్మ చెప్పే సుప్రీంకోర్టు ఇది కాదు నాన్నా

నాన్నా,

ఫోన్లో నేను చెప్పేది నీకు సగమే వినపడుతోందని, మిగతా సగం అమ్మ తనకు తోచినట్టు కలిపి చెబుతోందని తమ్ముడు అన్నాడు. అందుకే రాస్తున్నాను. వాడు ప్రింటు తీయించి ఇస్తాడు, అక్షరాలు పెద్దవి పెట్టమన్నాను.

ముందు ఒక సంగతి తేలాలి. మా అమ్మాయి సుప్రీంకోర్టులో వాదిస్తోందని అమ్మ వీధంతా చెబుతోందట. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే మన జిల్లా కోర్టులాంటిది, దావా మొదలయ్యేది అక్కడే. అన్నిటికంటే పై కోర్టును కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ అంటారు. ఎవరు పెట్టారో ఈ పేర్లు! విడాకులిచ్చే అధికారం ఆ సుప్రీంకోర్టుకే ఉంది కాబట్టి వెళ్తుంటాను గానీ, నా రోజులు ఎక్కువగా గడిచేది జమైకాలో ఉన్న క్వీన్స్ ఫ్యామిలీ కోర్టులో. క్రికెట్ జమైకా కాదులే, న్యూయార్క్‌లోనే ఒక పేట. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వాళ్ల ఖర్చులకు ఎంత కట్టాలి, కొట్టే మనిషిని దగ్గరకు రాకుండా ఆపే ఉత్తర్వు, ఇవన్నీ ఇక్కడ తేలుస్తారు, విడాకులు మాత్రం ఇవ్వరు. ఒక సంసారం, రెండు కోర్టులు, రెండు కట్టలు. రెండు చోట్లా ఒకే రోజు వాయిదా పడితే జూనియర్లలో ఎవర్ని ఎటు తోలాలో తెనాలి కోర్టు మెట్ల మీద నిలబడి నువ్వు చూసుకునేవాడివి చూడు, ఇక్కడ ఆ పెద్ద గుమాస్తా పనీ నాదే.

ఇక అసలు మాట. అత్తయ్య నన్ను "కాపురాలు కూల్చే ప్లీడరు" అందట. నువ్వేమీ అనలేదని అమ్మ చెప్పింది. అత్తయ్య అన్నది వదిలెయ్, నువ్వు ఊరుకోవడమే నాకు గుచ్చుకుంది.

నా దగ్గరకు వచ్చేసరికి కూలాల్సింది ఎప్పుడో కూలిపోయి ఉంటుంది నాన్నా. ఒకామె సంగతి చెబుతాను, పేరూ ఊరూ అడగొద్దు, నువ్వూ ఎప్పుడూ పార్టీల పేర్లు ఇంటికి తెచ్చేవాడివి కాదు కదా. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కోర్టు వాళ్లు ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టారు. జడ్జి అడిగితే ఈమె, "ఆయన అప్పుడప్పుడూ చేయి చేసుకునేవారండీ" అంది. ఆయన కొన్నిసార్లు తన చేతిని వాడేవారు అని స్పీకర్లో ఇంగ్లీషు వినిపించింది. వాడి ఏం చేసేవారని జడ్జి అడిగారు. "ఏముందండీ, మామూలే" అంది ఈమె. అదీ మాటకు మాట ఇంగ్లీషైపోయింది. నేను సాక్ష్యం చెప్పకూడదు, అనువాదం సరిగా లేదని లేచి అభ్యంతరం మాత్రం చెప్పగలను, చెప్పాను. మళ్లీ ఒక్కో ముక్కా అడగనిచ్చారు. ఏ చేత్తో అని అడిగాను. "ఎడం చేత్తోనండీ, ఆయనది ఎడం చేతివాటం" అంటూ తన కుడి చెంప తడుముకుంది. జడ్జి రాసుకుంటున్న కలం ఆపి తలెత్తారు. ఆ పూటే తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. మొదటినుంచీ చివరిదాకా ఆమె భర్తను "వారు" అనే అంది, ఒక్కసారి కూడా "వాడు" అనలేదు.

ఆ ఉత్తర్వు కోసం వేసే అర్జీకి ఫ్యామిలీ కోర్టులో ఒక్క డాలరు కూడా కట్టక్కర్లేదు, కానీ ఆ సంగతి మనవాళ్లకు తెలియదు. ఇంకా పెద్ద భయం వీసాది. హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్న భర్త వెంట, వచ్చిన భార్యకు విడాకులు ఖరారైతే ఇక్కడ ఉండే ఆధారమే పోతుంది. భర్త సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, హింస పడ్డ భార్య తనంతట తానే అర్జీ పెట్టుకునే వీలు 1994 చట్టం ఇచ్చింది. హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్న మొగుడైతే అదీ లేదు. నేరానికి గురైనవాళ్లకిచ్చే యు వీసా ఒకటి ఉంది గానీ ఏడాదికి 10,000 మించి ఇవ్వరు, ఆ వరస మన రైల్వే వెయిటింగ్ లిస్టు కంటే అన్యాయం. అందుకని నోరు మూసుకుని ఉండేవాళ్లే ఎక్కువ. వాళ్లలో కొందరిని సఖిలాంటి సంస్థల్లో పనిచేసేవాళ్లు పట్టుకుని మాలాంటి వాళ్ల దగ్గరకు పంపుతారు. సఖి 1989లో ఇక్కడే దక్షిణాసియా ఆడవాళ్ల కోసం మొదలైంది.

శనివారాలు నేను ఏం చేస్తానో నీకు సరిగా ఎప్పుడూ చెప్పలేదు. ఫీజు లేకుండా కాగితాలు నింపుతాను, అంతే. ఆ అలవాటు ఎలా వచ్చిందంటే, న్యూయార్క్‌లో బార్ పరీక్ష పాసైతే సరిపోదు, 50 గంటలు ఉచితంగా సేవ చేసినట్టు చూపిస్తేనే లాయరుగా సన్నదు ఇస్తారు. గుంటూరులో రెండేళ్లు ప్రాక్టీసు చేసి వచ్చినదాన్ని, హెచ్-4 అని ఇంట్లో కూర్చున్న ఆ ఐదేళ్లూ ఎలా గడిచాయో నీకు తెలుసు. 2015 మేలో గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ల భార్యలకు పని అనుమతి వచ్చింది. ఆ జులైలోనే పరీక్ష రాసి ఫెయిలయ్యాను (ఫలితం నీకు వారం ఆలస్యంగా చెప్పాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను), ఫిబ్రవరిలో మళ్లీ రాసి పాసయ్యాను. ఆ 50 గంటలు ఎలాగో మొక్కుబడిగా లెక్కపెట్టుకుని పూర్తి చేద్దామనే వెళ్లాను. తీరా అక్కడ కూర్చుంటే జనం పేరూ పుట్టినతేదీ దాటి ఏమీ నింపలేకపోతున్నారు, విడాకుల దావాకు కోర్టు రుసుములే కనీసం 335 డాలర్లు, లేనివాళ్లకు అవి మాఫీ చేయించడానికి మళ్లీ ఇంకో అర్జీ. నాకు అది కొత్తగా అనిపించలేదు. ఆదివారం మన అరుగు మీద నువ్వు పొలం తగాదాల వాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాడివి, వాళ్లు వంకాయలో జామకాయలో ఇచ్చిపోయేవాళ్లు. ఇక్కడ వంకాయలు ఇవ్వరు. ఫ్లషింగ్ గణేశుడి గుడి కాంటీన్లో దోసె పెట్టిస్తామంటారు, ఎప్పుడైనా వెళ్తాను, మొహమాటం లేదు.

కోర్టు వాళ్లే పేదవాళ్లకు లాయర్ని పెట్టే పద్ధతి కూడా ఉంది, ఆ జాబితాలోనూ ఉన్నాను. గంటకు 75 డాలర్లు ఇచ్చేవాళ్లు, 2004 నుంచి ఏళ్ల తరబడి పైసా పెంచలేదు, తర్వాత 158 చేశారు. ప్రైవేటుగా చేసేవాళ్ల ఫీజుతో పోలిస్తే అదీ తక్కువే. పర్లేదు, ఇల్లు గడుస్తోంది, అమ్మని బెంగపెట్టుకోవద్దను.

నీకు గుర్తుందా, 1991లో నువ్వు జిరాక్స్ తీయించి ఇంటికి తెచ్చిన ఒక సుప్రీంకోర్టు తీర్పు? మన సుప్రీంకోర్టు, అసలైంది. తిరుపతిలో పెళ్లి, అమెరికాలో మిస్సోరీ కోర్టులో భర్త విడాకులు తెచ్చుకున్నాడు, తర్వాత యాదగిరిగుట్టలో రెండో పెళ్లి. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకోని కారణంతో, భార్య ఇష్టపూర్వకంగా వచ్చి వాదించుకోని చోట తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవు పొమ్మన్నారు. నువ్వు అన్నం తింటూ అది అమ్మకు వివరిస్తుంటే నేను విన్నాను, సగం అర్థం కాలేదు. ఇప్పుడు వారానికి ఒక్కసారైనా ఆ తీర్పు నేను ఎవరికో ఒకరికి వివరిస్తున్నాను. న్యూయార్క్‌లో విడాకులకు 2010 నుంచి, ఆరు నెలలుగా కాపురం బాగుపడే ఆశ లేదని ఒక్కరు ప్రమాణం చేస్తే చాలు, తప్పెవరిదో చూపక్కర్లేదు, అమెరికాలో ఈ పద్ధతికి అన్ని రాష్ట్రాలకంటే ఆఖరున వచ్చింది ఇదే. మన హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. ఇక్కడి కాగితం పట్టుకుని హడావిడిగా గుంటూరులో సంబంధాలు చూసుకునే కుర్రాళ్లకు ఈ మాట చెబితే మొహం మాడ్చుకుంటారు, ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టే దారి చూడండి బాబూ అంటే అప్పుడు ఆవిడతో మాట్లాడటం మొదలుపెడతారు. ఈ మాట అత్తయ్యకు చెప్పు.

అన్నీ గొప్పలే రాస్తున్నానని అనుకుంటావేమో. ఒక తప్పు చేశాను. మగమనిషి కేసు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఐదేళ్ల పాప. చెల్లెలి పెళ్లికి పాపను తీసుకుని హైదరాబాద్ వెళ్తానని భార్య అడిగింది, ఇతను ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం రాసింది నేనే. తిరుగు ప్రయాణం తేదీ, రాకపోతే ఏమిటి, డిపాజిట్ ఎంత, ఇవేవీ గట్టిగా రాయలేదు, ఇద్దరూ మంచిగానే ఉన్నారు కదా అని. ఆమె తిరిగి రాలేదు. పిల్లల్ని దేశం దాటిస్తే వెనక్కి పంపాలని 1980లో హేగ్ ఒప్పందం ఒకటి ఉంది, ఇండియా అందులో చేరలేదు. తెలంగాణ హైకోర్టులో విడిగా పోరాడాల్సిందే. మూడో ఏడు నడుస్తోంది. ఆదివారం పొద్దున ఇరవై నిమిషాలు వీడియో కాల్, పాప ఇప్పుడు తండ్రితో ఇంగ్లీషు మానేసి తెలుగే మాట్లాడుతోందట, అతనికి అదొక్కటే సంతోషం. నన్ను ఒక్క మాట అనలేదు. వాయిదా తేదీ తప్పు రాసుకుని, మనవైపు ఎవరూ లేకుండానే కేసు ఎక్స్‌పార్టీ అయిన రోజు నువ్వు రెండు పూటలా అన్నం ముట్టలేదు, అప్పుడు నాకు పదేళ్లు, ప్లీడరుగారు ఏమీ అనలేదంటగా ఎందుకు నాన్నా అని అడిగాను. నువ్వు సమాధానం చెప్పలేదు. చెప్పక్కర్లేదులే.

కట్టల మీద మూలకు పెన్సిలుతో వాయిదా తేదీ రాయడం ఇప్పటికీ మానలేదు. ఇక్కడ అన్నీ కంప్యూటర్లోనే, అయినా రాస్తాను. ఆఫీసులో అమ్మాయి నవ్వుతుంది.

చెవి డాక్టరు దగ్గరకు ఈ నెలలోనే వెళ్లు, మిషను ఖరీదు గురించి ఆలోచించకు, తమ్ముడికి డబ్బు పంపాను. సోమవారం రెండు వాయిదాలున్నాయి, ఒకటి ఫ్యామిలీ కోర్టులో, రెండోది ఆ సుప్రీంకోర్టులో. పైన సుప్రీంకోర్టు గురించి రాసిన ముక్క మాత్రం అమ్మకు చదివి వినిపించకు. చెప్పుకోనీ.

నీ
పెద్దమ్మాయి