‘ఆసక్తి లోపం’ అని రాశారు: వార్డు సహాయకుల శిక్షణ పథకంపై ఫిర్యాదు

మానవ వనరుల విభాగం అధిపతి గారికి,

విషయం: రక్త నమూనాల సేకరణ కోర్సులో నా నమోదు రద్దు, నా ఫైలులో రాసిన కారణాన్ని తొలగించడం, ఫీజు తిరిగి చెల్లించడం గురించి.

నమస్కారం.

నేను మీ ఆసుపత్రి మూడో అంతస్తులోని మెడికల్ వార్డులో పదకొండేళ్లుగా సహాయకురాలిగా పనిచేస్తున్నాను. రోగులకు ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, కదలలేనివారికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, మూత్రపు సంచి ఖాళీ చేసి కొలత రాయడం, స్ట్రెచర్ మీద స్కానింగుకు తీసుకెళ్లడం నా పని. పోయిన వారం మీ విభాగం నుంచి ఒక కాగితం వచ్చింది. కోర్సులో నా నమోదు రద్దయిందని, కారణం ‘అభ్యర్థి ఆసక్తి లోపం’ అని అందులో ఉంది. ఫీజు వెనక్కి ఇవ్వడం కుదరదని కింద ఇంకో వాక్యం. డబ్బు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ రెండు మాటల గురించి మాట్లాడాలి.

నిరుడు మేం బట్టలు మార్చుకునే గది తలుపు మీద ఒక పోస్టరు అంటించారు. అందులో నిచ్చెన బొమ్మ. అడుగున వార్డు సహాయకురాలు, ఆ పైన ల్యాబ్ సహాయకురాలు, ఆ పైన టెక్నీషియన్, కొసన నర్సు. బొమ్మ బాగా వేశారు. మొదటి మెట్టు నేలకు నిలువెత్తున ఉందన్న సంగతి మాత్రం అందులో కనిపించలేదు.

పథకం ప్రకారం ఫీజు మేమే ముందు కట్టాలి. పాసైతే సగం, పాసై ఇంకో ఏడాది ఇక్కడే పనిచేస్తే మిగతా సగం సంస్థ తిరిగి ఇస్తుంది. ఆ ఫీజు నా రెండున్నర నెలల జీతం. బ్యాంకులో నాలుగు డబ్బులు నిలవ ఉన్న ఉద్యోగికి ఇది మంచి పథకమే కావచ్చు. ఇరవయ్యో తేదీకే చేతిలో ఏమీ మిగలని మనిషికి ‘తర్వాత ఇస్తాం’ అంటే ‘ఇప్పుడు అప్పు చెయ్యి’ అని అర్థం. చేశాను. దాని వడ్డీ ఇప్పటికీ కడుతున్నాను. వడ్డీ మాట మీ నిబంధనల్లో ఎక్కడా లేదు. పదకొండు మందిమి పేర్లు ఇస్తే ఫీజు కట్టే రోజుకు ఆరుగురం మిగిలాం. ఆగిపోయిన ఆ ఐదుగురికీ ఆసక్తి లోపమేనా?

మీ కోర్సు మొదటి పాఠంలోనే ఒక చరిత్ర చెప్పారు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సుల శిక్షణాలయం మొదలైంది. నాకు కుతూహలం ఎక్కువ కాబట్టి ఆ పాఠంతో ఆగకుండా ఇంకాస్త చదివాను. అక్కడ చేరినవారికి వసతి, భోజనం, యూనిఫాం ఇచ్చి, పైన కొద్దిపాటి జీతం కూడా ఇచ్చేవారట. పరీక్షలో మీరు సంవత్సరం అడిగారు, నేను సరిగ్గానే రాశాను, మార్కు కూడా పడింది. జీతం గురించి మాత్రం ప్రశ్న రాలేదు.

ఇక తరగతులు. ప్రతి మంగళవారం, గురువారం మధ్యాహ్నం మూడింటికి. హాజరు వందకు ఎనభై ఉండాలి. మా డ్యూటీలు మూడు వారాల చక్రం: ఒక వారం ఉదయం ఎనిమిది నుంచి రెండు దాకా, ఒక వారం రెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఒక వారం రాత్రంతా. మధ్యాహ్నం రెండింటికి ఎక్కే డ్యూటీ ఉన్న వారంలో మూడింటికి నేను వార్డులో ఉంటాను. అంటే మిగిలిన రెండు వారాలూ ఒక్క తరగతి కూడా పోకుండా కూర్చున్నా నా హాజరు అరవై ఏడుకు మించదు. ఇది కష్టం అనడం లేదు, లెక్క ప్రకారమే కుదరదు అంటున్నాను. తరగతి వేళను నిర్ణయించింది మీ విభాగమే, రోస్టర్‌ను ఆమోదించేదీ మీ విభాగమే. ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసినవారు ఎవరూ లేరా?

అయినా నా హాజరు ఎనభై ఒకటి. రికార్డు మీ దగ్గరే ఉంది, చూడండి. అది ఎలా వచ్చిందో రికార్డులో ఉండదు. తోటి సహాయకురాళ్లను బతిమాలి డ్యూటీలు మార్చుకున్నాను. ఒక మధ్యాహ్నం డ్యూటీకి బదులుగా వాళ్ల రాత్రి డ్యూటీ ఒకటి నేను చేశాను. రాత్రి డ్యూటీ దిగి, ఇల్లు చేరి, రెండు గంటలు పడుకుని లేచి ఫోనులో పాఠం విన్నాను. ఇంచార్జి సిస్టర్‌ను నేను తప్పుపట్టను. ముప్పై రెండు పడకలకు ఇద్దరం సహాయకులం. నన్ను తరగతికి పంపితే నా చోట నిలబెట్టడానికి ఆమెకు ఎవరినీ ఇవ్వలేదు. శిక్షణ పథకం పెట్టినవారు, శిక్షణకు వెళ్లిన మనిషి చోట పని ఎవరు చేస్తారో కూడా ఆలోచించి పెట్టాలి. ఆ ఆలోచన లేకపోతే పథకం పోస్టరు దగ్గరే ఆగిపోతుంది, భారం తోటివాళ్ల మీద పడుతుంది, వాళ్లకు మా మీద కోపం వస్తుంది. వచ్చింది కూడా.

అసలు దెబ్బ తగిలింది చేతిపని దగ్గర. మూడు నెలల్లో, టెక్నీషియన్ పక్కన ఉండగా, అరవై మందికి రక్తం తీయాలి. మన ఆసుపత్రిలో ఉదయపు నమూనాలు తీసేది ఐదున్నర నుంచి ఏడున్నర మధ్య. రాత్రి డ్యూటీలో ఉంటే సరిగ్గా ఆ వేళకే నేను ఒళ్లు తుడుస్తూ, పక్కలు మారుస్తూ ఉంటాను. ఉదయం డ్యూటీ అయితే ఎనిమిదికి వస్తాను, అప్పటికి ట్రేలు ల్యాబ్‌కు చేరిపోతాయి. అందుకని ఉదయం డ్యూటీ వారాల్లో తెల్లవారుజామున మొదటి బస్సెక్కి, జీతం లేని ఆ రెండు గంటలకు వచ్చాను. నలభై ఒక్క మందికి తీశాను. ముప్పై ఎనిమిది మందికి మొదటి గుచ్చులోనే సిర దొరికింది. ఆ తర్వాత నేర్పించే టెక్నీషియన్ రెండు వారాలు సెలవు పెట్టారు. ఆయన బదులు ఎవరినీ కేటాయించలేదు. ఆయన తిరిగి వచ్చేసరికి నాకు వరుసగా మూడు వారాలు రాత్రి డ్యూటీ వేశారు. గడువు ముగిసింది. మీరు కాగితం పంపారు.

ఒక సంగతి చెప్పుకోవాలి, గొప్ప కోసం కాదు. రక్తం తీయడంలో సహాయకురాలికి ఉండే వీలు బయటి నుంచి వచ్చిన టెక్నీషియన్‌కు ఉండదు. ఏ చేతికి సెలైన్ ఎక్కుతోందో, ఎవరికి ఏ వైపు రొమ్ము ఆపరేషన్ జరిగిందో, ఆ చేతుల జోలికి ఎందుకు పోకూడదో రోజూ ఒళ్లు తుడిచే మనిషికి విడిగా గుర్తు చేయనక్కర్లేదు. ముసలివాళ్ల సిర సూది ముందు పక్కకు జారుతుంది. కింద చర్మాన్ని బొటనవేలితో లాగి పట్టుకోవాలి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి ఉంచకూడదు. ఇవన్నీ మీ కోర్సులోనే నేర్చుకున్నాను. పాఠాలు బాగున్నాయి, ఆ మాట కూడా ఈ లేఖలో ఉండాలి.

నేర్చుకున్నది వృథా పోలేదు. రెండు నెలల కిందట కొత్తగా చేరిన ఒక టెక్నీషియన్, బయోకెమిస్ట్రీ ట్యూబులో రక్తం చాలకపోతే ఊదారంగు మూత ట్యూబులోంచి అందులోకి కాస్త ఒంపబోయాడు. నేను ఆ రోగి పక్క సర్దుతున్నాను. ఊదారంగు ట్యూబులో గడ్డకట్టకుండా ఉండడానికి వేసేది పొటాషియం లవణం. అది కలిస్తే రిపోర్టులో పొటాషియం ఉన్నదానికన్నా ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. లేని జబ్బుకు మందు పెట్టే ప్రమాదం ఉంది. నెమ్మదిగా ఆ మాట చెప్పాను. ఆ అబ్బాయి మంచివాడు, సిగ్గుపడకుండా మళ్లీ తీశాడు. అదే నెలలో నాకు ఆసక్తి లేదని మీ దగ్గర ఎవరో కంప్యూటర్‌లో ఎక్కించారు.

ఆరుగురిలో ఇద్దరు పాసయ్యారు. వాళ్లిద్దరూ ఓపీ విభాగంలో పనిచేస్తారు, ఏడాది పొడవునా పగటి డ్యూటీయే. మా నలుగురికన్నా వాళ్లకు ఆసక్తి ఎక్కువని కాదు, వాళ్ల రోస్టర్ వేరు. పాసైన ఆ ఇద్దరూ ఇవాళ్టికీ పాత పనే, పాత జీతంతోనే చేస్తున్నారు. ఖాళీలు లేవని చెప్పారట. ఈ ఏడాది ల్యాబ్‌లోకి బయటి నుంచి ముగ్గురిని తీసుకున్నారు. వాళ్లకు వార్డులు చూపించింది నేనే.

మే 12న నర్సుల దినోత్సవం సభలో డైరెక్టర్ గారు సిబ్బంది కొరత గురించి మాట్లాడారు. 2030 నాటికి ప్రపంచంలో సుమారు కోటి మంది ఆరోగ్య సిబ్బంది తక్కువ పడతారన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాను, నర్సుల కొరతే 59 లక్షలన్న 2020 నివేదికలోని అంకెను చదివి వినిపించారు. నేను వెనక మంచినీళ్ల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ కోటి మందిని ఎక్కడి నుంచి తెస్తారో నాకు తెలియదు గానీ, పదకొండు మంది ఆ రోజు ఆ హాలులోనే ఉన్నారు.

ఇప్పుడు నేను అడుగుతున్నది ఇది. నా ఫైలు నుంచి ‘ఆసక్తి లోపం’ అన్న మాట తీసేయాలి. కారణం రాయక తప్పదంటే ‘డ్యూటీ వేళలు కుదరక’ అని రాయండి, అదే నిజం. నేను తీసిన నలభై ఒకటీ లెక్కలో ఉంచి, మిగిలిన పంతొమ్మిదికి రోస్టర్‌లోనే పేరు రాసి, డ్యూటీ గంటలుగా వేళ కేటాయించాలి. అది కుదరదంటే కట్టిన ఫీజు మొత్తం తిరిగి ఇవ్వాలి. ఇక మీదట చేరేవాళ్ల ఫీజును సంస్థే నేరుగా కట్టాలి. మధ్యలో మానేసేవారి గురించి మీకు భయం ఉంటే నెలనెలా జీతంలో కొంత పట్టుకోండి, ఎవరూ కాదనరు. పాసైనవారికి ఏ పోస్టు, ఎంత జీతం, ఎన్ని నెలల్లో అన్నది చేరే రోజే రాసి ఇవ్వాలి. ల్యాబ్ ఖాళీలను బయట ప్రకటించే ముందు మా గది తలుపు మీద అంటించాలి. పోస్టరుకు దొరికిన చోటు దానికీ దొరుకుతుంది.

ఈ లేఖ ప్రతిని నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి కూడా ఇస్తున్నాను. హాజరు పట్టిక, టెక్నీషియన్ సంతకాలున్న నలభై ఒక్క నమూనాల పుస్తకం, ఫీజు రసీదు నకళ్లు దీంతో జతచేశాను. నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మాట్లాడాలని పిలిస్తే వస్తాను. ఈ వారం కూడా నాది రాత్రి డ్యూటీయే కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక ఫోను చేయించండి.

ఇట్లు,
మూడో అంతస్తు మెడికల్ వార్డు సహాయకురాలు