బహిరంగ లేఖ: మన లెఫ్ట్ బ్యాక్‌కి జీతం పెంచండి

క్లబ్ సీఈఓ గారికి,

నమస్కారం. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉండే తెలుగువాళ్లం, ఇక్కడి కంఠీరవ స్టేడియంలో మీ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌లకి వస్తుంటాం.

మన లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) కుర్రాడు రిజర్వ్ జట్టులో ఉన్నప్పుడు కుదిరిన జీతానికే ఇంకా ఆడుతున్నాడు. తొంభయ్యో నిమిషంలో మన కార్నర్ కిక్ చెడి బంతి ఎదుటివాళ్లకి దొరికితే, అందరికంటే ముందు వెనక్కి పరిగెత్తేది అతనే. మొన్న మోకాలికి కట్టుతోనే ఆట పూర్తిచేశాడు.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టాడు కదా అంటారు. పెట్టాడు, కానీ అప్పుడు బేరమాడే స్థితి అతనికెక్కడిది? ముప్ఫై దాటాక కాళ్లు మాట వినవు, సంపాదించుకునే వయసిదే.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు చివరి 6 నెలల్లో అతను వేరే క్లబ్‌తో ఒప్పందం చేసుకోవచ్చు. గడువు తీరాక వెళ్తే మీకు ట్రాన్స్‌ఫర్ ఫీజు కూడా రాదు. 5 ఏళ్ల దాకా కాంట్రాక్టు ఇవ్వొచ్చు, కనీసం 3 ఏళ్లకైనా ఇవ్వండి. ఆ చివరి 6 నెలలు మొదలయ్యేలోపే పిలిచి మాట్లాడండి.

ఇట్లు,
ఒక సీజన్ టికెట్ అభిమాని