చీనీ అంటు: కన్ను ఏ చెట్టుది, వేరు దేనిది?

సంపాదకులకు నమస్కారం.

వానలు పడగానే చీనీ (బత్తాయి) అంట్ల బేరం మొదలవుతుంది. రైతు అడిగేది ధర, చూసేది ఎత్తు. తోట నిలిచేది మాత్రం అడుగున వేరుగా వాడిన మొక్క ఏ జాతిది, దానిపై కట్టిన కన్ను (చిగురు మొగ్గ) ఏ చెట్టుది అన్నదాన్ని బట్టే. అది మొక్కను చూస్తే తెలియదు. నాలుగైదేళ్లకు కాపు మొదలయ్యాకే తప్పు బయటపడుతుంది.

సాత్‌గుడి రకం చీనీకి రంగపూర్ నిమ్మ వేరే మేలు. జంబేరి అనే మరో నిమ్మజాతి మీద కట్టిన అంటు మొదట్లో ఏపుగా పెరిగి కళ్లకు నచ్చుతుంది కానీ వేరుకుళ్లుకు త్వరగా లొంగిపోతుంది. రంగపూర్ నిమ్మ వేరుకుళ్లునూ, చెట్టును క్షీణింపజేసే ట్రిస్టెజా వైరస్‌నూ, నీటి ఎద్దడినీ మెరుగ్గా తట్టుకుంటుంది. దాని గింజలు ఎండితే మొలకెత్తవు, పండులోంచి తీయగానే నారు పోయాలి. ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి, చాలావరకు తల్లినే పోలి ఉంటాయి. గిడసబారినవీ, ఆకు తీరు మారినవీ పీకేయాలి. ఈ ఏరివేతను ఎగ్గొట్టిన నర్సరీ అంట్లతో వేసిన తోటలో చెట్లు ఎగుడుదిగుడుగా పెరుగుతాయి.

ఈ నిమ్మ నారుమొక్క పెన్సిల్ లావయ్యాక నేలకు 15–20 సెంటీమీటర్ల ఎత్తున 'టి' ఆకారంలో గాటు పెడతారు, నిలువు గాటు 2.5 సెంటీమీటర్లు. తొక్క సులువుగా లేవకపోతే కత్తితో పెకలించకూడదు. లోపలి పొర చిరిగితే కన్ను అతకదు. తడులిచ్చి వారం ఆగడం నయం. కన్నుపుల్ల (కన్ను తీసే చీనీ కొమ్మ) కోణాలు పోయి గుండ్రబడినదై ఉండాలి. ఆకులు కోసేసి తొడిమ ముక్కలు మాత్రం ఉంచి, తడిగోనెలో చుట్టి, వీలైతే ఆ రోజే వాడాలి. కన్నును గాటులోకి జార్చి, ప్లాస్టిక్ పట్టీని కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు ఇంటి పెంకుల మీద లాగా వాననీరు జారిపోతుంది. మూడు వారాలకు కన్ను పచ్చగా ఉండి, వేలు తగలగానే తొడిమ రాలితే అతికినట్టే. తొడిమ ఎండి పట్టుకునే ఉంటే కన్ను చచ్చినట్టు. రెండోవైపు మళ్లీ కట్టవచ్చు. అతికాక పైకొమ్మను ఒక్కసారిగా నరకకుండా సగం కోసి వంచాలి, కన్ను చిగురు సాగాకే తీసేయాలి.

ఇంత నేర్పుగా కట్టినా తల్లిచెట్టులో వైరస్ ఉంటే కన్నుతోపాటే వచ్చేస్తుంది. పచ్చగా కనిపించే చెట్టులోనూ అది ఉండవచ్చు. అందుకే పరీక్ష చేయించిన తల్లిచెట్లనే వాడాలి.

ప్రతి అంటుకూ వేరు జాతి, తల్లిచెట్టు ఉన్న తోట, కన్ను కట్టిన తేదీ రాసిన చీటీ తప్పనిసరి చేయాలని ఉద్యాన శాఖను కోరుతున్నాం. నర్సరీ తనిఖీల్లో మొక్కల లెక్కతోపాటు తల్లిచెట్ల పరీక్ష కాగితాలు కూడా అడగాలి. రైతు సోదరులు చీటీ లేని అంటు కొనవద్దు. నాటేటప్పుడు అతుకు మట్టికి కనీసం 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. పాదులో మట్టి ఎగదోసి దాన్ని కప్పేస్తే బంక తెగులు పట్టుకుంటుంది. అతుకు కింద పుట్టే చిగుళ్లను గోరుతో గిల్లేయండి. వదిలేస్తే చీనీ కొమ్మ అణగిపోయి నిమ్మ పైకి లేస్తుంది.

— అంటుమొక్కల పెంపకందారులు, అనంతపురం జిల్లా